రాలిన ఈకతో కొంగల రాకపోకలు పట్టడం

చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. రెండు ఊళ్ల కొంగల డీఎన్ఏ పోల్చి చూస్తే వాటి మధ్య రాకపోకలు తెలుస్తాయి. ఆ డీఎన్ఏ కోసం కొంగను పట్టి రక్తం తీయనక్కర్లేదు, చెట్టు కింద రాలిన ఈక చాలు. అయితే ఈక ఏరడానికైనా ముందుగా అటవీ శాఖ రాతపూర్వక అనుమతి తీసుకోండి.

ముందురోజు సాయంత్రం చెట్టు కింద ఊడ్చిపెడితే, తెల్లారి దొరికేది కొత్త ఈకేనని తెలుస్తుంది. ఎండ తగిలినా, రెట్టలో తడిసినా డీఎన్ఏ ముక్కలైపోతుంది. గులాబీ ఈకలు చూడముచ్చటగా ఉంటాయి గానీ కాడ లావుగా ఉన్న నల్ల రెక్క ఈకలే మేలు. గోధుమ రంగువి పిల్లలవి. పిల్ల ఇంకా పుట్టిన ఊరు దాటలేదు, కాబట్టి ఎవరు ఎక్కడికి వెళ్లారో దాని ఈక చెప్పదు. ఒక్కో ఈకను విడిగా కాగితం కవర్లో వేసి, చెట్టు నంబరు, తేదీ రాసి, చెమ్మ పీల్చే సిలికా జెల్ పెట్టిన డబ్బాలో ఉంచండి. ప్లాస్టిక్ కవర్లో చెమ్మ పట్టి బూజు వస్తుంది.

ల్యాబ్‌లో చాలామంది కాడ కొన మాత్రమే కోస్తారు. అది పొరపాటు. కాడ మీద ఈనెలు మొదలయ్యే చోట, అడుగు వైపున సన్నని రంధ్రం ఉంటుంది. దాని లోపల కనిపించే నల్లటి చుక్క ఎండిన రక్తపు గడ్డ. పక్షుల ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉంటుంది కనుక అక్కడే డీఎన్ఏ బాగా దొరుకుతుంది. ఆ చోట సుమారు 1 సెంటీమీటరు ముక్క కోసి, నిలువుగా చీల్చి, ప్రొటీనేజ్ కె (ప్రొటీన్లను కరిగించే ఎంజైము), డీటీటీ (ఈకలోని గట్టి కెరటిన్‌ను విడగొట్టే రసాయనం) కలిపిన బఫర్‌లో 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాత్రంతా ఉంచండి. ప్రతి విడతలో ఈక వెయ్యని ఖాళీ ట్యూబు ఒకటి నడపండి. అందులో బ్యాండ్ (డీఎన్ఏ ఉందని చూపే గీత) కనిపిస్తే ఆ విడతంతా పారేయాల్సిందే.

ఆడా మగా తేల్చడానికి లింగ క్రోమోజోములు రెండింటి మీదా ఉండే సీహెచ్‌డీ జన్యువు: ఆడదానికి రెండు బ్యాండ్లు, మగదానికి ఒకటి. డీఎన్ఏ తక్కువైతే రెండోది రాక ఆడది మగదిగా కనిపిస్తుంది. మైక్రోశాటిలైట్లలోనూ (ఒక్కో కొంగను గుర్తుపట్టడానికి వాడే, డీఎన్ఏలో పదేపదే వచ్చే చిన్న ముక్కలు) ఇదే చిక్కు. తల్లి, తండ్రి నుంచి వచ్చే రెండు రూపాల్లో (అల్లీలు) ఒకటే కనిపించిన చోట పీసీఆర్ (డీఎన్ఏను కాపీలు చేసే పద్ధతి) 3 సార్లు చేయండి.

10, 12 మైక్రోశాటిలైట్ మార్కర్లన్నీ సరిపోలిన రెండు ఈకలు ఒకే కొంగవి, ఒకటే లెక్కించండి. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు కొంగలతో పోల్చాలంటే రెండు చోట్లా కనీసం 25 కొంగలుండాలి. పక్షుల్లో సాధారణంగా ఆడవే దూరం పోతాయి, అందుకే ఆడ, మగ లెక్కలు విడివిడిగా వేయండి. ఒకే చెట్టు నుంచి ఎక్కువ ఈకలు తీసుకుంటే మాత్రం చుట్టరికాన్నే ఊళ్ల మధ్య తేడాగా చదువుకుంటారు.