మిర్చి సీజన్‌కు ముందే మీ సింక్ ఒకసారి చూసుకోండి

ఫిబ్రవరి వచ్చిందంటే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు దించడానికి జాగా దొరకదు. అడ్తి దుకాణాల లెక్కల సాఫ్ట్‌వేర్ చూసుకుంటూ, దుకాణంలోని డేటాబేస్‌ను క్లౌడ్‌కు సింక్ చేస్తున్నవాళ్లు జనవరిలోనే ఐసోలేషన్ లెవెల్ (ఒకేసారి నడిచే పనుల్లో ఒకదాని మార్పులు ఇంకొకదానికి ఎంతవరకు కనబడాలో చెప్పే సెట్టింగ్) ఏముందో తెరిచి చూడండి. ఖాళీ రోజుల్లో ఏది పెట్టినా నడుస్తుంది, తప్పు బయటపడేది రద్దీలోనే.

మా సింక్ ముందు తక్‌పట్టీల (రైతుకిచ్చే అమ్మకం చీటీల) టేబుల్ చదివి, తర్వాత చెల్లింపుల టేబుల్ చదివేది. ఆ రెండింటి మధ్య నాలుగు సెకన్లలో కౌంటర్ మీద ఒక కొత్త తక్‌పట్టీ, దాని చెల్లింపు రెండూ కమిట్ అయిపోయాయి, అంటే డేటాబేస్‌లో ఖాయమైపోయాయి. క్లౌడ్‌లో చూస్తే రైతుకు డబ్బులు ఇచ్చినట్టుంది, తక్‌పట్టీ మాత్రం లేదు. సేటు ఫోన్ చేసి "ఈ పైసలు దేనికిచ్చినమయ్యా?" అని అడిగితే ఆ రాత్రంతా టెన్షనే. సంగతేమిటంటే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మామూలుగా ఉండే లెవెల్ రీడ్ కమిటెడ్, అందులో ఒకే ట్రాన్సాక్షన్‌లో (కలిపి ఒకటిగా నడిచే క్వెరీల గుంపులో) ఉన్నా ప్రతి క్వెరీ అప్పటిదాకా కమిట్ అయినవన్నీ కొత్తగా చూస్తుంది. అందుకే సింక్ కోసం చదివేటప్పుడు రిపీటబుల్ రీడ్ (మొదటి క్వెరీ చూసిన స్థితినే చివరిదాకా చూపే లెవెల్) పెట్టి, టేబుళ్లన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో చదవండి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో, అంటే దాని మామూలు ఇంజిన్ ఇన్నోడీబీలో, డిఫాల్ట్‌గానే రిపీటబుల్ రీడ్ ఉంటుంది కానీ, ఆటోకమిట్‌లో వదిలేస్తే ఏ క్వెరీకి ఆ క్వెరీయే ఒక ట్రాన్సాక్షన్, ఇక లాభమేముంది?

అలాగని ఆ ట్రాన్సాక్షన్‌ను తెరిచి పెట్టుకొని నిదానంగా క్లౌడ్‌కు పంపుతూ కూర్చోకండి. అది తెరిచున్నంతసేపు పోస్ట్‌గ్రెస్‌లో వ్యాక్యూమ్ అనే శుభ్రం చేసే పని పాత వరుసలను తీసేయలేదు, మైఎస్‌క్యూఎల్‌లో పాత విలువలు దాచే అండూ లాగ్ పెరిగిపోతూ ఉంటుంది. చదివి ఫైల్‌లో దాచండి, కమిట్ చేయండి, పంపడం ఆ తర్వాత.

రాయడం దగ్గర ఇంకో గుంత ఉంది. లాట్‌లో 40 బస్తాలు ఉన్నాయని రెండు కౌంటర్లు ఒకేసారి చదివి, చెరో 10 తీసేసి, రెండూ 30 అని రాస్తే 10 బస్తాలు లెక్కలో ఎక్కువ మిగులుతాయి. రిపీటబుల్ రీడ్‌లో ఇలా జరిగితే పోస్ట్‌గ్రెస్ రెండోదానికి ఎర్రర్ ఇస్తుంది, మైఎస్‌క్యూఎల్ అదే పేరున్న లెవెల్‌లో చప్పుడు చేయకుండా రాసేస్తుంది. పేరు చూసి నమ్మడానికి లేదన్నమాట. చదివేటప్పుడే సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో లాక్ తీసుకోండి, లేదంటే ఉన్నదాంట్లోంచి 10 తగ్గించమని అప్‌డేట్‌లోనే రాయండి.

అన్నిటికంటే కఠినమైన లెవెల్ సీరియలైజబుల్ పెడితే సరిపోదా అంటారు. పెట్టొచ్చు, కానీ పోస్ట్‌గ్రెస్‌లో 40001 ఎర్రర్ (ట్రాన్సాక్షన్లు ఢీకొన్నాయని చెప్పేది) వచ్చినప్పుడు ట్రాన్సాక్షన్ మొత్తం, చదవడం నుంచి మళ్లీ నడిపే కోడ్ ఉండాలి. అది లేకుండా పెడితే రద్దీ రోజున కౌంటర్ మీద ఎర్రర్లే. రైతుకు పోయే ఎస్సెమ్మెస్ ఆ ట్రాన్సాక్షన్ లోపల ఉంటే మాత్రం బయటకు తీయండి, మళ్లీ నడిచినప్పుడు ఆయనకు రెండుసార్లు పోతుంది.

ఇవన్నీ సరిచేసినా ఒకటి మిగులుతుంది. పోయినసారి 11:05కు నడిచి, ఈసారి "11:05 తర్వాత మారినవి ఇవ్వు" అని టైమ్ చూసి తెచ్చే సింక్‌లో, 11:04 టైమ్ ముద్ర పడి 11:06కు కమిట్ అయిన వరుస ఎప్పటికీ రాదు, పోస్ట్‌గ్రెస్‌లో సీరియలైజబుల్ పెట్టినా దీనికి మందు లేదు. మీ దగ్గర అన్నిటికంటే ఎక్కువసేపు నడిచే ట్రాన్సాక్షన్ ఎంతో చూసుకుని, అంతకంటే కాస్త ఎక్కువే వెనక్కి జరిగి మళ్లీ చదవండి, క్లౌడ్ వైపు ఐడీని బట్టి ఉన్నదాన్ని మార్చి, లేనిదాన్ని చేర్చేలా పెట్టుకోండి.

కాపీ డేటాబేస్ మీద రెండు విండోలు తెరిచి, ఒకదాంట్లో బిగిన్ కొట్టి ఒక లాట్‌ను చదివి ఆపి, రెండోదాంట్లో అదే లాట్‌ను మార్చి, మొదటిదాంట్లో మళ్లీ చదివి చూడండి. పది నిమిషాల పని, మొదటి లాట్ కాంటా ఎక్కకముందే చేయండి.