టూ వీల్ డ్రైవ్ డీజిల్ పికప్‌ను ఫోర్ వీల్ డ్రైవ్‌గా మార్చే విధానం

వెనుక చక్రాలు మాత్రమే లాగే పాత డీజిల్ పికప్‌ను నాలుగు చక్రాలతో లాగే బండిగా మార్చడానికి ప్రధానంగా మూడు భాగాలు కావాలి: గేర్‌బాక్స్ నుంచి వచ్చే శక్తిని ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్, సొంత డిఫరెన్షియల్ (మలుపుల్లో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఉన్న ముందు యాక్సిల్, ఆ రెంటినీ కలిపే ప్రొపెల్లర్ షాఫ్ట్. పాత సామాను దొరికే చోట వీటిని సంపాదించడం పెద్ద కష్టం కాదు. వాటిని ఏ ఎత్తులో, ఏ కోణంలో, ఏ వైపున కూర్చోబెట్టాలో తేల్చుకోవడమే అసలు పని, అది వెల్డింగ్ మొదలుపెట్టక ముందే పూర్తి కావాలి.

మొట్టమొదట తెలుసుకోవలసింది, మీ బండి తరానికే చెందిన ఫోర్ వీల్ డ్రైవ్ రకాన్ని అదే కంపెనీ తయారుచేసిందా లేదా అన్నది. చేసి ఉంటే విడిభాగాలు ఒక్కొక్కటీ పోగుచేయకుండా, ఇంజిన్ పాడైన లేదా బాడీ నుజ్జయిన అలాంటి బండిని మొత్తంగా కొనడం మంచిది, ఎందుకంటే చిన్న బ్రాకెట్లు, లీవర్లు, బ్రేకు గొట్టాలు, ప్రత్యేకమైన బోల్టులు విడిగా వెతకవలసి వచ్చినప్పుడే డబ్బూ కాలమూ ఎక్కువగా ఖర్చవుతాయి. అయితే ఒకే పేరుతో అమ్మిన రెండు రకాలకూ ఛాసిస్ ఒకటేనని అనుకోకూడదు. ఉదాహరణకు 1989–1993 మధ్య కమిన్స్ ఇంజిన్‌తో వచ్చిన డాడ్జ్ ర్యామ్‌లో టూ వీల్ డ్రైవ్ రకానికి ముందు చక్రాలు విడివిడిగా కదిలే కాయిల్ స్ప్రింగుల అమరిక ఉండగా, ఫోర్ వీల్ డ్రైవ్ రకానికి లీఫ్ స్ప్రింగుల మీద కూర్చున్న రెండు ముందు చక్రాలనూ ఒకే కడ్డీలా కలిపే, డానా 60 అనే గట్టి యాక్సిల్ ఉండేది. ఇలాంటి బండ్ల విషయంలో పాత ఛాసిస్‌ను కోసి అతికించడం కంటే, మంచి ఇంజిన్‌నూ క్యాబిన్‌నూ తీసి ఫోర్ వీల్ డ్రైవ్ ఛాసిస్ మీదికి మార్చడమే తక్కువ శ్రమ అని నా అభిప్రాయం. కాకపోతే బండి రిజిస్ట్రేషన్ సాధారణంగా ఛాసిస్ నంబరుతో ముడిపడి ఉంటుంది కనుక, ఈ దారి పట్టేవారు రవాణా అధికారుల అనుమతి గురించీ బీమా గురించీ ముందే కనుక్కోవాలి.

సొంత ఛాసిస్‌నే ఉంచుకోదలిస్తే తర్వాతి నిర్ణయం ట్రాన్స్‌ఫర్ కేస్‌ది. గేర్‌బాక్స్ వెనుక భాగానికి నేరుగా బిగించే రకం కావాలంటే టూ వీల్ డ్రైవ్ గేర్‌బాక్స్‌లోని పొడవాటి అవుట్‌పుట్ షాఫ్ట్‌నూ దాని వెనుక తొడుగునూ మార్చాలి. అంటే గేర్‌బాక్స్‌ను పూర్తిగా విప్పాలి, లేదా ఫోర్ వీల్ డ్రైవ్ గేర్‌బాక్స్‌నే తెచ్చుకోవాలి. విడిగా ఛాసిస్‌కు వేలాడదీసి, చిన్న షాఫ్ట్‌తో గేర్‌బాక్స్‌కు కలిపే రకంలో ఈ బాధ లేదు. పాత ఫోర్డ్, డాడ్జ్ ట్రక్కుల్లో వచ్చిన ఎన్‌పీ 205 అనే ట్రాన్స్‌ఫర్ కేస్ ఈ రూపంలోనూ ఉంది. చైను లేకుండా గేర్లతోనే నడిచే, పోత ఇనుప పెట్టె గల ఈ కేస్ బరువైనదే అయినా డీజిల్ టార్క్‌ను (తిప్పే బలాన్ని) బాగా తట్టుకుంటుంది. ఇంజిన్ 400 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుందనీ, మొదటి గేరు నిష్పత్తి 5.6 అనీ అనుకుంటే, ఈ కేస్‌లోని 1.96 నిష్పత్తి గల ‘లో రేంజ్’ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) తోడైన తర్వాత అది దాదాపు 4,400 న్యూటన్ మీటర్లకు చేరుతుంది. తేలికపాటి పెట్రోలు బండి నుంచి తీసిన సన్నని షాఫ్టులూ జాయింట్లూ ఇక్కడ ఎందుకు పనికిరావో ఈ లెక్కే చెబుతుంది.

ముందు యాక్సిల్‌ను కొనేటప్పుడు డిఫరెన్షియల్ గుండు (దాని గేర్లుండే ఉబ్బెత్తు భాగం) ఏ వైపున ఉందో చూడాలి, ఎందుకంటే ట్రాన్స్‌ఫర్ కేస్ ముందు అవుట్‌పుట్ కూడా అదే వైపున ఉండాలి. లేకపోతే షాఫ్ట్ ఇంజిన్ సంపు (అడుగున ఆయిల్ ఉండే తొట్టి) కిందుగా అడ్డంగా పోవలసి వస్తుంది. పైన చెప్పిన డాడ్జ్‌లో ఆ గుండు కుడివైపున ఉంటుంది, 1994లో వచ్చిన తర్వాతి తరంలో ఎడమవైపుకు మారింది. కనుక కంపెనీ పేరు చూసి కొనేయకూడదు. చక్రం బోల్టుల వలయం, రెండు చక్రాల మధ్య వెడల్పు కూడా వెనుక యాక్సిల్‌తో కుదరాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది డిఫరెన్షియల్‌లోని క్రౌన్ వీల్ (పెద్ద గేరు), పినియన్ (షాఫ్ట్ తిప్పే చిన్న గేరు)ల పళ్ల నిష్పత్తి. ముందు యాక్సిల్‌లో 41కి 11 పళ్లు ఉంటే నిష్పత్తి 3.73, వెనుక 41కి 10 ఉంటే 4.10, ఈ రెండూ కలిసి నడిస్తే వెనుక చక్రం 100 చుట్లు తిరిగే లోపు ముందు చక్రం 110 చుట్లు తిరగాలని చూస్తుంది, ఆ పెనుగులాటలో ఏదో ఒక గేరో షాఫ్టో విరుగుతుంది. యాక్సిల్ మీది బిళ్లను నమ్మకుండా స్వయంగా లెక్కించాలి: ఒక చక్రాన్ని కదలకుండా పట్టి, రెండో చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పినప్పుడు పినియన్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. రెండు చక్రాలనూ కలిపి బిగించే లాకింగ్ డిఫరెన్షియల్ ఉన్న యాక్సిల్‌కు ఈ పద్ధతి వర్తించదు. దానికి కవర్ విప్పి పళ్లు లెక్కపెట్టుకోవాలి.

యాక్సిల్‌ను స్ప్రింగుల మీద పెట్టి, ఇంజిన్ బరువంతా దాని మీద పడిన తర్వాతే కోణాలు కొలవాలి. కమిన్స్ ఆరు సిలిండర్ల 5.9 లీటర్ల ఇంజిన్ ఒక్కటే సుమారు 500 కిలోలు ఉంటుంది కనుక ఖాళీ ఛాసిస్ మీద తీసిన కొలత ఎందుకూ పనికిరాదు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ వణకకుండా తిరగాలంటే పినియన్ ముక్కును పైకెత్తాలనిపిస్తుంది, కానీ ముక్కు లేచినకొద్దీ అదే యాక్సిల్ చివర్లలోని నకిల్‌లు (చక్రాలు పక్కకు తిరిగే కీళ్లు) ముందుకు వాలి క్యాస్టర్ కోణం (ఆ కీళ్ల అక్షం వెనక్కి వాలిన కోణం) తగ్గిపోతుంది, అప్పుడు స్టీరింగ్ నిలకడగా ఉండక బండి రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతుంది. రెంటిలో క్యాస్టర్‌కే ప్రాధాన్యం ఇచ్చి, షాఫ్ట్ కోణాన్ని డబుల్ కార్డన్ జాయింట్‌తో (రెండు జాయింట్లు జతగా ఉన్న కీలు) సర్దుకోవడం సురక్షితం. మామూలు జాయింట్లే వాడితే రెండు చివరలా కోణాలు సమానంగా ఉండాలి, షాఫ్ట్ చివర్ల యోక్‌లు (జాయింటును పట్టుకునే చీలిక భాగాలు) ఒకే వరుసలో ఉండాలి.

స్ప్రింగులు పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు యాక్సిల్ సంపుకు తగలకూడదు, పూర్తిగా సాగినప్పుడు షాఫ్ట్ స్ప్లైన్ (పొడవు మారేలా జారే గాడుల జోడింపు) నుంచి జారిపోకూడదు. చక్రాలను రెండు వైపులా పూర్తిగా తిప్పి బ్రేకు గొట్టాల పొడవును కూడా అప్పుడే చూసుకోవాలి. స్టీరింగ్ డ్రాగ్ లింకు (స్టీరింగ్ పెట్టె నుంచి చక్రాలకు వెళ్లే కడ్డీ) సాధ్యమైనంత వరకు నేలకు సమాంతరంగా ఉండాలి. అది ఏటవాలుగా ఉంటే గుంటలో పడిన ప్రతిసారీ స్టీరింగ్ దానంతట అదే తిరుగుతుంది. ముందు బ్రేకులు పెద్దవైతే మాస్టర్ సిలిండర్ కూడా ఆ బ్రేకులు వచ్చిన బండిదే వాడాలి.

వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు విప్పి, ఇంధన గొట్టాలను దూరంగా జరపాలి. స్ప్రింగు హ్యాంగర్లను వెల్డింగ్ మీద మాత్రమే వేలాడదీయకుండా గట్టి బోల్టులతో కూడా బిగించాలి. ఛాసిస్ రైలు పై, కింది అంచులకు అడ్డంగా వెల్డింగ్ చేస్తే పగులు అక్కడే మొదలవుతుంది కనుక అది చేయకూడదు. వెనుక షాఫ్ట్‌ను కొత్త పొడవుకు కోయించి, బ్యాలెన్స్ చేయించాలి.

నాలుగు చక్రాలనూ స్టాండ్ల మీద ఎత్తి, ముందు చక్రాల హబ్‌లను షాఫ్టులతో కలిసేలా లాక్ చేసి, తక్కువ గేరులో తిప్పి చూసి, శబ్దాలు లేవని నిర్ధారించుకున్న తర్వాతే బండిని దించాలి. మొదటి పరీక్ష మట్టి లేదా ఇసుక నేల మీద జరగాలి. మధ్యలో డిఫరెన్షియల్ లేని ఈ అమరికను పొడి తారు రోడ్డు మీద వాడితే మలుపుల్లో ముందు, వెనుక చక్రాల వేగాలు కలవక షాఫ్టులు బిగుసుకుంటాయి. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత స్ప్రింగుల యూ బోల్టులు, హ్యాంగర్ల బోల్టులు అన్నీ మళ్లీ బిగించాలి.