ఆర్ట్ జర్నల్ మధ్యలో ఆగిపోకుండా ఉండాలంటే

మంచి నోట్‌బుక్ కొంటాం, మొదటి నాలుగు పేజీలు ఒళ్లు దగ్గర పెట్టుకుని వేస్తాం, ఐదో పేజీలో బొమ్మ అనుకున్నట్టు రాదు, ఇక ఆ పుస్తకం అలమరలోకి వెళ్లిపోతుంది. నా దగ్గర అలాంటివి మూడున్నాయి. నాలుగోది మాత్రం చివరి పేజీదాకా నిండింది, ఆ తర్వాత ఇంకో ఆరు నిండాయి. మధ్యలో నా చెయ్యేమీ ఒక్కసారిగా తిరిగిపోలేదు, కూర్చునే ముందు చేసుకునే ఏర్పాట్లు మారాయి. అందుకే ఇక్కడ చెప్పేదాంట్లో ఎక్కువ భాగం ఆ ఏర్పాట్ల గురించే ఉంటుంది.

ఆర్ట్ జర్నల్‌లో గీతలుండొచ్చు, రంగులుండొచ్చు, అతికించిన కాగితం ముక్కలుండొచ్చు, రెండు మూడు వాక్యాలుండొచ్చు. గోడకు తగిలించే బొమ్మ చూసేవాళ్ల కోసం, ఇది మీ కోసం. ఫ్రెంచ్ చిత్రకారుడు దెలాక్రువా 1832లో మొరాకో వెళ్లినప్పుడు చిన్న నోట్‌బుక్కుల్లో హడావుడిగా గీతలు గీసుకుని, కొన్నిటికి పల్చగా వాటర్ కలర్ పూసి, పక్కనే రంగుల సంగతీ చూసిన విశేషాలూ మాటల్లో రాసి పెట్టుకున్నాడు. తిరిగొచ్చాక 1863లో చనిపోయేదాకా ఆ ప్రయాణం తాలూకు చిత్రాలు వేస్తూనే ఉన్నాడు. రంగు వేసే టైం లేకపోతే "గోడ పసుపు, నీడలో కాస్త ఊదా" అని రాసేయండి. అది కూడా బొమ్మలో భాగమే.

పుస్తకం, కాగితం

ఏ5 సైజుతో మొదలుపెట్టండి, అంటే 14.8 × 21 సెంటీమీటర్లు. ఏ4 పేజీ నింపాలంటే గంట కావాలి, రోజూ గంట ఎవరికీ దొరకదు. మరీ అరచేతి సైజు అయితే ఏమన్నా అతికించడానికి చోటుండదు. కాగితం మందాన్ని జీఎస్ఎంలో చెప్తారు, చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క అది. ప్రింటర్‌లో వాడే కాగితం 70 నుంచి 80 ఉంటుంది, దాని మీద తడి బ్రష్ పెట్టగానే ముడతలు పడిపోతుంది. పెన్నూ పెన్సిలూ మాత్రమే వాడేవాళ్లకు 100, 120 సరిపోతాయి. రంగులు కూడా వేస్తామంటే 160 నుంచి 200 మధ్య ఉన్న, పెన్నునూ తడి రంగునూ రెండిటినీ తట్టుకునే మిక్స్‌డ్ మీడియా కాగితం తీసుకోండి. 300 జీఎస్ఎం వాటర్ కలర్ కాగితం నీళ్లను బ్రహ్మాండంగా తట్టుకుంటుంది గానీ, మొదటి జర్నల్‌కి మాత్రం నేను వద్దనే చెప్తాను, ఎందుకంటే ఖరీదైన కాగితం ముందు పెట్టుకుంటే చెయ్యి బిగుసుకుపోతుంది, ప్రతి గీతా గీయాలా వద్దా అని ఆలోచిస్తూ కూర్చుంటాం.

కాగితాలు ఎక్కువ అతికించే అలవాటుంటే స్పైరల్ పుస్తకం హాయి, ఎంత ఉబ్బినా విరగదు. రెండు పేజీల మీదుగా ఒకే బొమ్మ వేయాలనుకుంటే కుట్టిన బైండింగ్ కావాలి. అలాంటి పుస్తకంలో ప్రతి నాలుగైదు పేజీలకు ఒకదాన్ని, కుట్టు దగ్గర ఒక సెంటీమీటరు అంచు వదిలి కత్తిరించేయండి. ఆ అంచు ఉండబట్టి దానికి జోడీగా కుట్టిన పేజీ ఊడిరాదు, తగ్గిన మందంలో మీరు అతికించేవి ఇముడుతాయి.

సామాను తక్కువుంటేనే పని నడుస్తుంది. ఒక 2బీ పెన్సిల్, ఒక నల్ల పెన్ను, చిన్న వాటర్ కలర్ పెట్టె, ఆరో నంబరో ఎనిమిదో నంబరో గుండ్రటి బ్రష్ ఒకటి, గ్లూ స్టిక్, పాత గుడ్డ ముక్క. పెన్నులో పిగ్మెంట్ ఇంకు, అంటే ఆరాక నీటికి కరగని ఇంకు ఉండాలి, లేకపోతే రంగు పూయగానే గీతలన్నీ కరిగి బూడిదరంగు మడ్డిలా తయారవుతాయి. చివరి పేజీలో నాలుగు గీతలు గీసి, ఐదు నిమిషాలు ఆగి, తడి బ్రష్ దాని మీదుగా లాగి చూస్తే తెలిసిపోతుంది. రంగులు కూడా మూడు చాలు: అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), ఏదో ఒక పసుపు. మొదటి రెండూ కలిపితే వెచ్చటి బూడిదరంగు నుంచి దాదాపు నలుపు దాకా అన్నీ వస్తాయి, నీడలకు వేరే రంగు వెతుక్కోవక్కర్లేదు.

ఖాళీ పేజీ ఎదురవకుండా చూసుకోండి

అన్నిటికంటే నాకు ఎక్కువ పనికొచ్చింది ఇదే. వారంలో ఒక రోజు అరగంట కూర్చుని ఆరేడు పేజీలకు నేపథ్యం పూసి పెట్టేయండి. బొమ్మ గురించి ఆలోచించొద్దు. బ్రష్‌లో మిగిలిన రంగు ఆ పేజీల మీదే తుడిచెయ్యండి, పాత అట్టముక్క అంచుతో యాక్రిలిక్ రంగుని (ఆరాక నీటికి కరగకుండా గట్టిపడే రంగు) అడ్డంగా లాగండి, స్పాంజితో అద్దండి, చింపిన కవరు ముక్కలు అతికించి వాటి మీద పల్చగా తెలుపు పూయండి. ఇలా చేస్తే రోజూ పుస్తకం తెరిచేసరికి తెల్ల కాగితం బదులు అప్పటికే ఏదో ఉన్న పేజీ కనిపిస్తుంది. తెల్ల పేజీని పాడు చేస్తామేమోనన్న టెన్షన్ ఉంటుంది, అప్పటికే మరకలున్న పేజీతో ఆ టెన్షన్ ఉండదు.

జెస్సో ఒక చిన్న సీసా దగ్గరుంటే మంచిది. కాన్వాస్ మీద రంగు వేసే ముందు పూసే తెల్లటి ప్రైమర్ ఇది, కాగితానికి కాస్త గరుకుదనం ఇస్తుంది, రంగు లోపలికి దిగకుండా ఆపుతుంది. పల్చటి కాగితమున్న పాత నోట్‌బుక్‌ని కూడా దీనితో వాడుకోవచ్చు. జెస్సో మీద వాటర్ కలర్ పైపైనే నిలుస్తుంది కాబట్టి తడి బ్రష్‌తో తుడిస్తే వచ్చేస్తుంది, తప్పులు దిద్దుకోవడానికి అది చాలా వీలు.

మనసు బాగోలేని రోజున నేను చేసే పని ఒకటి చెప్తాను. కడుపులో ఉన్నదంతా పేజీ నిండా రాసేస్తాను, అడ్డంగా రాసింది చాలకపోతే పుస్తకం తిప్పి నిలువుగా దాని మీదే రాస్తాను, తర్వాత పల్చగా జెస్సో పూసేస్తాను. అక్షరాలు అక్కడక్కడా నీడల్లా కనిపిస్తాయి గానీ ఎవరూ చదవలేరు. మర్నాటికి అదే నేపథ్యం. నీటికి కరిగే ఇంకుతో రాస్తే జెస్సోలోకి కాస్త దిగి లేత నీలమో బూడిదో రంగు వస్తుంది, నాకు ఆ రంగంటే చాలా ఇష్టం.

ఒక జాగ్రత్త. యాక్రిలిక్ పల్చటి పూత పావుగంటలో చేతికి అంటకుండా ఆరినట్టే ఉంటుంది, కానీ లోపల పూర్తిగా గట్టిపడటానికి రోజులు పడుతుంది. ఎదురెదురు పేజీల్లో యాక్రిలిక్ ఉంటే, ముఖ్యంగా ఉక్కపోత రోజుల్లో, పుస్తకం మూయగానే రెండూ అంటుకుపోతాయి. మా అమ్మ చేతుల బొమ్మ వేసిన పేజీ నాకు అలాగే పోయింది. సాయంత్రం పుస్తకం మూసి మీద బరువైన డిక్షనరీ పెట్టాను, పొద్దున విడదీస్తే వేళ్ల దగ్గర రంగు మొత్తం అవతలి పేజీతో లేచి వచ్చేసింది. ఆ చేతులు మళ్లీ రెండుసార్లు వేశాను, మొదటిదానిలా రాలేదు. అప్పట్నుంచీ యాక్రిలిక్ ఉన్న ప్రతి పేజీకీ మధ్య బటర్ పేపర్ పెడుతున్నాను, ఆ పుస్తకాల మీద బరువు పెట్టడం మానేశాను. మీరు మొదటి రోజు నుంచే పెట్టండి.

పన్నెండు నిమిషాల పేజీ

ఏం వేయాలన్నది కూర్చున్నాక ఆలోచిస్తే ఆ రోజు పేజీ పడదు. పుస్తకం చివర ఒక ముప్ఫై వస్తువుల పేర్లు ముందే రాసుకోండి: తాళాల గుత్తి, కళ్లజోడు, మడతపెట్టని దుప్పటి, కిటికీ నీడ. రోజూ ఒకటి కొట్టేస్తూ వెళ్లొచ్చు.

మొన్న నా లిస్టులో పాత చెప్పులు వచ్చాయి. టైమర్ పన్నెండు నిమిషాలకు పెట్టాను. మొదటి రెండు నిమిషాలు పేజీ వైపు అస్సలు చూడలేదు, చెప్పు అంచు మీద కన్ను చీమ పాకినంత నెమ్మదిగా కదులుతుంటే పెన్ను దాని వెనకే కదిలింది. గీత ఎక్కడికో పోయింది, చెప్పులా లేదు. దాన్ని అలాగే ఉంచేశాను, ఈ పద్ధతిలో బొమ్మ పోలిక రావడం కోసం చూడం, కన్ను మెల్లగా చూడటం అలవాటవుతుంది. తర్వాత చెప్పు మొత్తం వేయకుండా మడమ దగ్గర ఒక్క చోటు మాత్రమే ఎంచుకున్నాను. బయటి అంచు ఏటవాలుగా అరిగి ఉంది. బొటనవేలు ఆనే చోట నల్లగా నున్నటి గుంట. పట్టీ మీద కుట్టు ఒకచోట వేరే రంగు దారంతో ఉంది, ఎప్పుడు కుట్టించానో గుర్తే లేదు. అల్ట్రామెరైన్, సియెన్నా కలిపి కింద ఒక్క పూతలో నీడ వేశాను. మిగిలిన రెండు నిమిషాల్లో తేదీ వేసి, పక్కన "ఎడమ కాలి మీద ఇంత బరువు వేస్తానని ఇవాళే చూశాను" అని రాశాను. పేజీ అయిపోయింది.

మొత్తం వస్తువు వేయాలనే పట్టుదల వదిలేసి ఒక్క మూల ఎంచుకుంటే పది నిమిషాల్లో కూడా నిజంగా చూసినట్టుంటుంది. తేదీ మాత్రం ఎప్పుడూ మర్చిపోకండి, ఏడాది తర్వాత పుస్తకం తిరగేసినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

అతికించేటప్పుడు

టిక్కెట్లు, చీటీలు, కవర్లు అతికించడానికి గ్లూ స్టిక్ మేలు, తెల్ల జిగురులో నీరు ఎక్కువ కాబట్టి కాగితం వంకర తిరుగుతుంది. జిగురు అంచుల దాకా పూయాలి, లేకపోతే మూలలు లేస్తాయి. మెషిన్‌లో వచ్చే బిల్లులు, రసీదులు చాలావరకు థర్మల్ కాగితం మీద ఉంటాయి, వాటి మీద అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి, అందుకని దాచుకోవాలనుకున్నదాన్ని జిరాక్స్ తీసి ఆ కాపీ అతికించండి. న్యూస్‌పేపర్ పసుపెక్కుతుంది. దానిలోని లిగ్నిన్ వెలుతురు తగిలి అలా మారుతుంది. నాకైతే ఆ పసుపు బాగుంటుంది.

అలవాటు గురించి

21 రోజులు చేస్తే అలవాటైపోతుందని అందరూ అంటుంటారు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 96 మందిని గమనించి చేసిన అధ్యయనంలో సుమారు 66 రోజులని తేలింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా తేడా ఉంది. ఒక రోజు తప్పినా అలవాటు పడటంలో చెప్పుకోదగ్గ నష్టం లేదని కూడా అందులోనే గమనించారు. కాబట్టి నెల రోజులకే "నాకు ఇది పట్టుబడలేదు" అని వదిలేయకండి. తప్పిపోయిన రోజుల పేజీలు తర్వాత కూర్చుని పూర్తి చేయకండి కూడా, అలా చేస్తే అది అప్పు తీర్చడంలా తయారవుతుంది. ఇవాళ్టి తేదీ వేసి ఇవాళ్టిది వేయండి.

టైం కంటే చోటు ముఖ్యమని నా అనుభవం. పుస్తకం, పెన్ను, రంగులు ఒకే ట్రేలో, రోజూ కూర్చునే చోటే కనిపించేలా ఉండాలి. అలమర తెరిచి పెట్టె దించి మూత తీయాలంటే అలసిపోయిన రోజున ఎవరూ చేయరు. ఇవాళ్టి పేజీ అవగానే రేపటి పేజీ తిప్పి, దానికి క్లిప్పు పెట్టి, లేవండి.

బాగా రాని పేజీ చింపకండి. దాని మీద జెస్సో పూయొచ్చు, కాగితం అతికించొచ్చు, లేదా అలాగే వదిలేసి పక్కన ఏం తేడా కొట్టిందో రాయొచ్చు. నా పుస్తకాల్లో తర్వాత పనికొచ్చిన ఆలోచనలు ఎక్కువ అలాంటి పేజీల్లోంచే వచ్చాయి. ఇంకో మాట, పుస్తకం నిండేదాకా పేజీల ఫోటోలు ఎక్కడా పెట్టకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. పెట్టడం మొదలయ్యాక ఎవరికి నచ్చుతుందో అది వేస్తాం, రాయాల్సిన మాటలు రాయం. దగ్గరి మనిషి ఒకరికి చూపించండి, చాలు.

పుస్తకం నిండాక ఒక గంట పెట్టి మొదటి నుంచి తిరగేయండి. మళ్లీ వేయాలనిపించిన పేజీలకు చిన్న స్టిక్కర్లు అంటించండి, అట్ట లోపల మొదలైన తేదీ, ముగిసిన తేదీ రాయండి, లిస్టులో కొట్టేయకుండా మిగిలిన వస్తువులను కొత్త పుస్తకం చివరికి ఎక్కించండి. ఆ రోజే దాంట్లో నాలుగు పేజీలకు రంగు పూసి, బటర్ పేపర్ పెట్టి, తెరిచి ఆరబెట్టేయండి.