లెక్క తేలనప్పుడు: కంపెనీ, మార్కెట్ సమాచారం వెతకడంలో సమస్యలు - పరిష్కారాలు

షేరు కొనబోయేవాళ్లు, కొత్త పార్టీకి సరుకు అరువు ఇవ్వబోయే వ్యాపారులు, ప్రాజెక్టు రిపోర్టు రాసే ఎంబీఏ విద్యార్థులు ఆన్‌లైన్‌లో వెతుకుతూ దాదాపు ఒకే చోట్ల చిక్కుకుంటారు. ఆ చిక్కుల్ని ఒక్కొక్కటిగా రాస్తున్నాను. దేనికైనా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ అంకె తప్పని తేలితే చట్టం ముందు జవాబు చెప్పుకోవాల్సింది ఎవరు? ఎవరూ లేరంటే, ఎంత పేరున్న సైట్‌లో కనిపించినా సరే, దాన్ని నమ్మి డబ్బు పెట్టొద్దు.

ఒకే కంపెనీ లాభం రెండు సైట్లలో రెండు రకాలుగా ఉంది

కారణం: చాలాసార్లు రెండూ నిజమే. ఒక సైట్ స్టాండలోన్ లెక్క చూపిస్తుంది, అంటే మాతృసంస్థ ఒక్కదానిదే. ఇంకోటి అనుబంధ సంస్థల్ని కలిపిన కన్సాలిడేటెడ్ లెక్క చూపిస్తుంది. ఒకరు మార్చితో ముగిసిన ఏడాది తీసుకుంటే, ఇంకొకరు గడిచిన నాలుగు త్రైమాసికాలు కలుపుతారు. స్థలం అమ్మితే వచ్చిన లాభాన్ని ఒకరు ఉంచుతారు, ఒకరు తీసేస్తారు. డాక్టర్ రెడ్డీస్ లాంటి కంపెనీ దగ్గర మరో మెలిక ఉంది. అది న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో కూడా లిస్టయింది కాబట్టి అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి ఐఎఫ్ఆర్ఎస్ (అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల) పద్ధతిలో ఏటా ఫారం 20-ఎఫ్ అనే నివేదిక ఇస్తుంది, ఇక్కడేమో భారత అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం లెక్కలు దాఖలు చేస్తుంది. పైగా దాని అంకెలు మిలియన్లలో ఉంటాయి. పది మిలియన్లు ఒక కోటి. ఆ ఒక్క సున్నా దగ్గర పోల్చడం మొత్తం తలకిందులవుతుంది.

పరిష్కారం: సైట్లను పక్కన పెట్టి బీఎస్ఈ లేదా ఎన్ఎస్ఈలో ఆ కంపెనీ పేజీకి వెళ్లి, కార్పొరేట్ అనౌన్స్‌మెంట్లలో ఫలితాల పీడీఎఫ్ తెరవండి. త్రైమాసిక ఫలితాలు 45 రోజుల్లో, ఏడాది ఫలితాలు 60 రోజుల్లో ఇవ్వాలన్నది మన మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. పట్టిక పైన కుడివైపు చిన్న అక్షరాల్లో లక్షలా, మిలియన్లా, కోట్లా అని ఉంటుంది. ముందు అది చూడండి, తర్వాతే అంకెలు చదవండి. కింద ఉన్న నోట్స్ వదలొద్దు. ఒక్కసారి వచ్చిన లాభాలు, కోర్టు కేసులు అక్కడే ఉంటాయి.

పదేళ్ల కిందటి షేరు ధర మనకు గుర్తున్న దానికంటే బాగా తక్కువగా చూపిస్తోంది

బోనస్ ఇచ్చినా, షేరును విభజించినా చార్టుల్లో పాత ధరను దానికి తగ్గట్టు సవరిస్తారు. అసలు ధర కావాలంటే ఎక్స్ఛేంజీ సైట్‌లో ఆ రోజు భావ్‌కాపీ, అంటే ఆ రోజు ధరల పట్టిక, దింపుకోండి.

"ఈ రంగం 2030 కల్లా ఇన్ని వేల కోట్లకు చేరుతుంది" అని అందరూ రాస్తున్నారు, మూలం మాత్రం దొరకడం లేదు

కారణం: నివేదికలు అమ్ముకునే సంస్థలు ప్రచారం కోసం ఒక అంకెను పత్రికా ప్రకటనగా వదులుతాయి. ఒక వెబ్‌సైట్ వేస్తుంది, దాన్ని చూసి పది వేస్తాయి. పది చోట్ల ఉంది కదా అని నమ్ముతాం గానీ, పదింటికీ తల్లి ఒక్కటే.

పరిష్కారం: ఆ రంగంలో ఈ మధ్య ఐపీఓకు వచ్చిన కంపెనీ ఏదైనా ఉంటే, దాని ముసాయిదా ప్రాస్పెక్టస్ (షేర్లు అమ్మే ముందు ఇచ్చే వివరాల పత్రం) సెబీ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో పరిశ్రమ గురించి ఒక పెద్ద అధ్యాయం ఉంటుంది. ఆ నివేదికను చాలాసార్లు కంపెనీయే డబ్బిచ్చి రాయించుకుంటుంది, ఆ సంగతీ అందులోనే రాసి ఉంటుంది. కాబట్టి గతం అంకెలు తీసుకోండి, భవిష్యత్తు అంచనాలను తగ్గించి చూడండి.

ఎగుమతి సరుకైతే ఇంకా గట్టి దారి ఉంది. కేంద్ర వాణిజ్య శాఖ ఎగుమతి దిగుమతుల డేటా బ్యాంకులో హెచ్ఎస్ కోడ్ (సరుకుల అంతర్జాతీయ వర్గీకరణ నంబరు) కొడితే దేశాల వారీగా విలువ వస్తుంది. భీమవరం వైపు నుంచి పోయే రొయ్యలనే తీసుకోండి. చల్లబరిచి, గడ్డకట్టించి పంపినవి 0306 కింద వస్తాయి. వండినవి, పిండి పూత పూసి ప్యాక్ చేసినవి చాలావరకు 1605 కింద పోతాయి. 0306 ఒక్కటే చూసి "విలువ జోడింపు అసలు జరగడం లేదు" అని తేల్చేస్తే ఆ తప్పు డేటాది కాదు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే ప్రభుత్వ సంస్థ ఎంపెడా అంకెలతోనూ ఒకసారి సరిచూసుకోండి. మిర్చి, పత్తి లాంటి పంటల ధరలకు ప్రభుత్వ సైట్ అగ్‌మార్క్‌నెట్ ఉంది. రకం, గ్రేడు ఒకటేనా కాదా చూడకుండా రెండు యార్డుల ధరలు పోల్చొద్దు.

ప్రభుత్వ లెక్కలే రెండు రకాలుగా ఉన్నాయి

2013-14 జీడీపీ వృద్ధి ముందు 4.7 శాతం అన్నారు. 2015 జనవరిలో ఆధార సంవత్సరాన్ని (ఏ ఏడాది ధరలతో పోలుస్తారో ఆ ఏడాదిని) 2004-05 నుంచి 2011-12కు మార్చి, లెక్కించే పద్ధతినీ మార్చాక అదే ఏడాది వృద్ధి 6.9 శాతమైంది. రెండూ అధికారికమే. ఏ అంకె రాసినా పక్కన ఆధార సంవత్సరం, విడుదలైన తేదీ రాసుకోండి. పాత సిరీస్‌లో ఒక ఏడాది, కొత్త సిరీస్‌లో ఇంకో ఏడాది తీసుకుని వృద్ధి కట్టకండి. వడ్డీ రేట్లు, బ్యాంకు రుణాల లాంటి వరుస అంకెలకు రిజర్వ్ బ్యాంకు డేటాబేస్‌కే వెళ్లడం మంచిది.

లిస్ట్ కాని కంపెనీ. సరుకు అడుగుతోంది, దాని గురించి ఎక్కడా ఏమీ లేదు

మన దగ్గర ఎక్కువ వ్యాపారం నడిచేది ఇలాంటి సంస్థలతోనే కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను.

ముందు జీఎస్టీ నంబరు అడగండి. 15 అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్రం కోడ్: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పది ఆ సంస్థ పాన్. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే ఆ నంబరుతో వెతికితే చట్టబద్ధమైన పేరు, రిజిస్ట్రేషన్ తేదీ, అది అమల్లో ఉందో రద్దయిందో కనిపిస్తాయి. రిటర్నుల పట్టిక కూడా తెరవండి. నెలనెలా గడువుకు వేస్తూ వచ్చినవాళ్లు ఈ మధ్య వరసగా ఆలస్యం చేస్తుంటే చేతిలో డబ్బు ఆడడం లేదేమో అని ఆలోచించాలి. "ఇరవై ఏళ్ల అనుభవం" అని లెటర్‌హెడ్ మీద వేసుకున్నవాళ్ల రిజిస్ట్రేషన్ పోయిన ఏడాదిది అయితే, ఎందుకని అడగడంలో తప్పు లేదు.

ప్రైవేట్ లిమిటెడ్ అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో వివరాలుంటాయి. 21 అక్షరాల సిన్ (కంపెనీ గుర్తింపు) నంబరులో మొదటి అక్షరం ఎల్ అయితే లిస్టెడ్, యూ అయితే కాదు. స్థాపించిన సంవత్సరం ఆ నంబరులోనే ఉంటుంది. నామమాత్రపు ఫీజు కడితే బ్యాలెన్స్ షీటు, వార్షిక రిటర్ను చూడొచ్చు. ఛార్జీల జాబితా తప్పకుండా చూడండి. ఏ బ్యాంకుకు ఎంత మొత్తానికి ఆస్తులు తాకట్టు పెట్టారో అందులో తెలుస్తుంది. మామూలు భాగస్వామ్య సంస్థలు, సొంత పేరు మీద నడిచే వ్యాపారాలు ఈ పోర్టల్‌లో ఉండవు. దొరకలేదని మోసమనుకోవద్దు.

చాలామందికి తెలియని మూడో చోటు రేటింగ్ సంస్థల సైట్లు. బ్యాంకు రుణం కోసం మన రైస్ మిల్లులు, స్పిన్నింగ్ మిల్లులు కూడా క్రిసిల్, ఇక్రా, కేర్ లాంటి సంస్థల నుంచి రేటింగ్ తీసుకుంటాయి. ఆ రేటింగ్ ఎందుకిచ్చారో రెండు మూడు పేజీల్లో రాసి ఉచితంగా పెడతారు. టర్నోవరు, అప్పు, సరుకు ఎన్ని రోజులు నిల్వ ఉంటోంది, బాకీలు ఎన్నాళ్లకు వసూలవుతున్నాయి, ఇవన్నీ దొరికే అవకాశముంది. రేటింగ్ పక్కన "ఇష్యూయర్ నాట్ కోఆపరేటింగ్" అని ఉంటే కంపెనీ సమాచారం ఇవ్వడం మానేసిందని అర్థం. అలాంటివాళ్లకు అరువు ఇచ్చే ముందు కారణం తెలుసుకోండి.

టెలిగ్రామ్ గ్రూపులో సలహా ఇస్తున్నాయన సెబీ రిజిస్టర్డ్ అంటున్నాడు

రిసెర్చ్ అనలిస్టుల నంబరు ఐఎన్‌హెచ్‌తో, పెట్టుబడి సలహాదారులది ఐఎన్ఏతో మొదలవుతుంది. నంబరు సెబీ జాబితాలో ఉన్నంత మాత్రాన ఆగొద్దు. వేరేవాళ్ల నంబరును దొంగిలించి వాడుకునేవాళ్లున్నారు. జాబితాలో ఉన్న ఫోను, ఈమెయిలు, మీతో మాట్లాడుతున్న మనిషివి ఒకటేనా చూడండి. డిపాజిట్లు సేకరించే సంస్థ మీద అనుమానం వస్తే రిజర్వ్ బ్యాంకు సచేత్ పోర్టల్‌లో వెతకండి, అక్కడే ఫిర్యాదు కూడా చేయొచ్చు.

ఏఐ చాట్‌బాట్ అంకె చెప్పింది, మూలం కూడా చెప్పింది

ఆ లింకు తెరిచి, పేజీలో అదే అంకె, అదే ఏడాదికి ఉందో లేదో మీ కళ్లతో చూడండి. లేకపోతే ఆ అంకె లేనట్టే.

అన్నీ అధికారిక పత్రాలే, అయినా అనుమానం తీరడం లేదు

ఈ అనుమానాన్ని గౌరవించండి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం, ఖాతాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో రూ. 5,040 కోట్లు లేనే లేవు. 2008 సెప్టెంబరు త్రైమాసికంలో నిర్వహణ లాభం రూ. 649 కోట్లని చూపారు, అసలు వచ్చింది రూ. 61 కోట్లు. అవి ఆడిటర్లు సంతకం పెట్టే ఖాతాలే. హైదరాబాద్‌లో ఎన్నో ఇళ్ల పొదుపు ఆ షేర్లలో ఉండేది.

అయితే ఆ లేఖకు మూడు వారాల ముందే సూచనలు బయటికొచ్చాయి. డిసెంబరు 16న రాజు కుటుంబానికే చెందిన మైటాస్ కంపెనీల్ని 160 కోట్ల డాలర్లకు కొంటామన్నారు, ఇన్వెస్టర్లు తిరగబడితే వెనక్కి తగ్గారు. నెలాఖరులోపే స్వతంత్ర డైరెక్టర్లు ఒక్కొక్కరుగా రాజీనామా చేశారు. ప్రమోటర్లు (కంపెనీ పెట్టి నడిపేవాళ్లు) తమ షేర్లను తాకట్టు పెట్టిన సంగతి కూడా బయటపడింది. ఈ ఉదంతం తర్వాతే ప్రమోటర్ల తాకట్టు వివరాలు వెల్లడించడాన్ని సెబీ తప్పనిసరి చేసింది.

కాబట్టి ఖాతాలతో పాటు ఎక్స్ఛేంజీలో గత మూడేళ్ల అనౌన్స్‌మెంట్లు తిరగేయండి. ఆడిటర్ మధ్యలో తప్పుకుంటే కారణాలతో కూడిన లేఖ అక్కడుంటుంది. "వ్యక్తిగత కారణాలు" అని ఒక్క ముక్కతో వదిలేసిన స్వతంత్ర డైరెక్టర్ల రాజీనామాలు వరసగా ఉన్నాయేమో చూడండి. ప్రతి త్రైమాసికం వచ్చే షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్‌లో ప్రమోటర్ల పట్టిక తెరిచి, తాకట్టు శాతాన్ని నాలుగు త్రైమాసికాల వరకు పక్కపక్కన రాసుకోండి. వార్షిక నివేదికలో లాభం పెరుగుతూ, వ్యాపారం నుంచి వచ్చే నగదు తగ్గుతూ ఉంటే బాకీల పట్టికకు వెళ్లండి. ఆరు నెలలు దాటిన బాకీలు ఎంతున్నాయో అక్కడ విడిగా రాసి ఉంటుంది.