ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా: వేళ్ల మీద బ్రెయిలీ

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ వైపు మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. చూపూ వినికిడీ లేని పిల్లలకు లిపి దగ్గర మాత్రం ఈ చిక్కు తక్కువే. బ్రెయిలీ అంటే వేళ్లతో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కల లిపి. భారతీయ భాషలకు ఉమ్మడిగా ఉన్న భారతి బ్రెయిలీలో క, ల లాంటి అక్షరాలకు రెండు భాషల్లోనూ చుక్కలు ఒకటే.

బ్రెయిలీ వచ్చినవారితో వేళ్ల మీదే మాట్లాడొచ్చు. ముందు భుజం మెల్లగా తాకి, మీరెవరో తెలిసేలా మీ గాజో ఉంగరమో తడమనివ్వండి. చెప్పాపెట్టకుండా చేతులు లాగడం మహా మోటు. తర్వాత పక్కనే కూర్చుని మీ వేళ్లు వారి వేళ్ల మీద ఆనించండి. బ్రెయిలీ అక్షరంలో ఆరు చుక్కల చోట్లు, ఒక్కో వేలికి ఒక్కో చుక్క: ఎడమ చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు 1, 2, 3. కుడివి 4, 5, 6.

క అంటే 1, 3. ల అంటే 1, 2, 3. మూడూ ఒకేసారి నొక్కాలి. మధ్య వేలు తేలిపోయిందా, 'ల' కాస్తా 'క' అయిపోతుంది. ఎదురుగా కూర్చుంటే కుడి ఎడమలు తారుమారై, ఇ (2, 4) వాళ్లకు ఏ (1, 5)గా అందుతుంది. మాటకీ మాటకీ మధ్య ఒక్క క్షణం ఆగండి.

వైకల్య ధ్రువపత్రంలో చూపు ఒక్కటే రాయించి వచ్చేయకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం బధిరాంధత్వాన్ని (చూపు, వినికిడి రెండిటి లోపాన్ని) బహుళ వైకల్యాల్లో చేర్చింది; వినికిడి పరీక్షా చేయించండి.