గడప రంగు గీకే ముందు

సంక్రాంతికి తలుపులకు రంగులు వేయించాలనుకునే మా పర్లాకిమిడి వాళ్లకు ఒక మాట. దసరా వెళ్లగానే తొందరపడకండి. 2018లో తిత్లీ తుపాను మన మీద పడింది అక్టోబరులోనే. వానకు ఉబ్బిన చెక్క మీద ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) పూస్తే పొక్కులు లేస్తుంది. కార్తీకం సగం గడిచాక, బిగుసుకుపోయిన తలుపు మళ్లీ తేలిగ్గా పడుతున్నప్పుడు మొదలుపెట్టండి.

అసలు భయం పాత రంగుతోనే. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామిల్‌లో సీసం ఉందనే అనుకోండి. అందులోనూ గడప పసుపు! ఆ నిండుదనం కోసం పసుపు రంగులో సీసం క్రోమేటు కలిపేవారు. మా గడప గీకితే పసుపు కింద ఎరుపు, దాని కింద మళ్లీ పసుపు, ఉల్లిపొరల్లా నాలుగు పూతలు బయటపడ్డాయి. పాకే పిల్లలు చేతులు ఆనించేది అక్కడే, ఆ చెయ్యే నోట్లోకి పోతుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పని నడిచే రోజుల్లో చంటిపిల్లల్ని, కడుపుతో ఉన్నవాళ్లని వేరే ఇంటికి పంపేయండి.

పొడిగా రుద్దనివ్వొద్దు. "తడిపితే పని సాగదమ్మా" అంటాడు మేస్త్రి. సాగకపోతే ఇంకో రోజు కూలి ఇద్దాం. నీళ్లు చల్లుతూ గీకించి, వాటర్‌పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితంతో) రుద్దించండి. మంట పెట్టి కాల్చడం అసలే వద్దు, సీసం పొగై లేస్తుంది. ముక్కుకు తువ్వాలు చాలదు, ఎన్95 మాస్కు కావాలి. పాత రంగు ఊడదీయడానికి కాస్టిక్ సోడా వాడితే చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు తప్పవు. సోడాను నీళ్లలో వెయ్యాలి గానీ సోడా మీద నీళ్లు పోయకూడదు. టేకు తలుపులకైతే నేను ఒప్పుకోను, చెక్క నల్లబడుతుంది.

కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, రాలిన పెచ్చులు అందులోనే మూట కట్టండి. చీపురు ముట్టుకోకుండా తడిగుడ్డతో తుడవండి. మేం మొదటిసారి పెరట్లో పోశాం, కోళ్లు కెలికేశాయి.

తడిసిన చెక్క రెండు మూడు రోజులు ఆరాలి. ఏళ్ల తరబడి పసుపూ నూనే ఇంకిన గడపను, గుడ్డకు పసుపు అంటడం మానేదాకా టర్పెంటాయిల్‌తో తుడవాలి. కార్తీక దీపాలు ఆ పక్కనే పెట్టకండి, ఆ గుడ్డ భగ్గుమంటుంది. తర్వాత ఒక పూత వుడ్ ప్రైమర్, రాత్రంతా ఆరాక గుంటలు, పగుళ్లు పూడ్చే లప్పం. ముందే లప్పం పెడితే అందులోని నూనెను చెక్క పీల్చేసి, లప్పం ఎండి ఊడిపోతుంది.

ఆరేదాకా గడపకు పసుపు రాయొద్దంటే మా అత్తగారు ససేమిరా అన్నారు. చివరికి రెండు శుక్రవారాలు గడప ముందు నేల మీద పసుపు రాసి, బొట్లు పెట్టి సరిపెట్టుకున్నారు.