పండగ చీర, పండగ కానుక: చేసినవారి దగ్గరే కొనాలంటే

దసరా, దీపావళి ఖర్చులో కొంతైనా నేతగాళ్లకు, చేతిపనివారికి చేరాలని మీకు ఉంటే, ముందుగా పంచాంగం తీసి రోజులు లెక్కపెట్టుకోండి. మన సీమలో వానలు గట్టిగా కురిసేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే. గుంట మగ్గం నేలలోకి దిగి ఉంటుంది కనుక, ముసురు పట్టిందంటే గుంటలో చెమ్మ ఊరి, పడుగు (మగ్గం మీది నిలువు దారాలు) తడిదేరి, నేత ఆగిపోతుంది. అంటే గిరాకీ ఉండే రోజులూ పని సాగని రోజులూ దాదాపు ఒకటే. అందువల్ల దసరా చీరను శ్రావణంలోనే, ఆలస్యమైతే వినాయక చవితి లోపల, చెప్పి నేయించుకోవాలి.

అనంతపురం నుంచి పట్టుచీరలు నేసే ధర్మవరం రైల్లో గంట కూడా పట్టదు. అయితే మగ్గం మీద కనిపించిన చీరను అమ్మమని నేతగాణ్ని ఒత్తిడి చేయకండి. చాలా ఇళ్లలో పట్టు, జరీ పెట్టుబడిదారువి. నేసేవారికి దక్కేది మజూరి మాత్రమే. "సొంత పట్టుతో నేస్తున్నారా, మజూరికా?" అని మర్యాదగా అడగండి. సొంత నేత అయితే, కనీసం పట్టుకూ జరీకీ సరిపడే సొమ్ము ముందే ఇవ్వండి. ఆ డబ్బు లేకనే వారు అప్పుకు వెళ్లవలసి వస్తుంది. మజూరి నేత అయితే సహకార సంఘంలో కొనడం మేలు. కర్నూలు వైపువారికి మాచాని సోమప్ప 1938లో స్థాపించిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం ఉంది. కడప వారికి ఒంటిమిట్ట దగ్గరి మాధవరం నేత అందుబాటులో ఉంది.

గుర్తుల విషయంలో నేను ఒకసారి మోసపోయాను. ఒక దుకాణంలో సిల్క్ మార్క్ చీటీ చూసి, చేనేత అనే నమ్మి చీర కొన్నాను. తరువాత ధర్మవరంలో ఒక పెద్దాయన దాన్ని ఒళ్లో పరచుకుని, తన మగ్గం మీది చీరను పక్కన పెట్టి, అంచు కలిసేచోటు చూపించారు. ఆయన మూడు నాడెలతో (అడ్డదారం నడిపే పనిముట్లతో) నేసిన చీరలో చీర ఒంటి రంగు పేక (అడ్డదారం), అంచు రంగు పేక ఒకదానినొకటి మెలివేసుకుని సన్నని గీతగా కనిపించాయి. నా చీరలో ఒకే పేక ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయింది. "పట్టు పట్టేనమ్మా, నేసింది మాత్రం మరమగ్గం" అన్నారు. సిల్క్ మార్క్ అసలు పట్టు అని మాత్రమే చెబుతుంది. చేత్తో నేసినదని చెప్పేది హ్యాండ్‌లూమ్ మార్క్. రెండూ అడిగి చూడండి.

కానుకలకు ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట వెళ్లండి. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆడించే బొమ్మలతో పాటు దీపాల తొడుగులు, గోడ బొమ్మలు కూడా చేస్తారు. కొనేముందు వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి: మేకతోలు తేనెరంగులో వెలుగుతుంది, ఉలితో కొట్టిన చిన్న చిన్న రంధ్రాలు నగల్లా మెరుస్తాయి. తొడుగులో వేడెక్కని ఎల్‌ఈడీ బల్బే పెట్టండి, తడి తగలనీయకండి. ప్రమిదలు మాత్రం మీ ఊరి కుమ్మరి దగ్గరే కొనండి.

బేరం గురించి నా మాట గట్టిదే. రోజుల తరబడి కాళ్లూ చేతులూ ఆడించి నేసినదానికి, చేసినవారి ముందే కూర్చుని వెయ్యి తగ్గించమనడం న్యాయం కాదు. చేతిలో డబ్బు తక్కువైతే చీరకు బదులు రవిక గుడ్డో తువ్వాలో కొనండి, దానికి పూర్తి ధర ఇవ్వండి.

చీర అందిన రోజే మిగిలిన సొమ్ము చెల్లించండి. సంక్రాంతికి ఏమైనా కావాలంటే ఆ మాటా అప్పుడే చెప్పి రండి. దీపావళి వెళ్లాక గిరాకీ తగ్గినప్పుడు, ముందుగా ఒప్పుకున్న పని ఒక్కటున్నా ఆ మగ్గం ఆడుతుంది.